ఒంటిగంట గీత

గీత తిన్నగా ఉంది. స్కేలు పెట్టి కొట్టినట్టు ఉంది. ఆ గీతనే చూపించి బడికి తాళం వేస్తామన్నారు.

ఒడిశాలో బంధుగాం దాటి కొండ వైపు తిరిగితే చర్చి వాళ్ళ బడి వస్తుంది. ఆరు గదులు, వెనక ఒక హాస్టలు, నూటపది మంది పిల్లలు. రాయగడ మునిసిపాలిటీలో వీధులూడ్చే మా వాళ్ళ పిల్లలు పదకొండు మంది అందులోనే ఉంటారు. నేను అదే మునిసిపాలిటీలో చెత్తబండి నడుపుతాను, కార్మికుల యూనియన్‌కి సెక్రెటరీని. పేరు కన్నారావు. నా చదువు బడిలో కాలేదు, బండిలో పడిన కాగితాల మీద అయింది. అందుకేనేమో, బడి మూస్తామంటే నాకు వేరేగా మండుతుంది.

బడికి అర కిలోమీటరు దూరంలో కంకర క్వారీ ఉంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడ కొండని పేలుస్తారు. రెండేళ్ళలో బడి గోడలు నాలుగుచోట్ల పగిలాయి. మూడో తరగతి గదిలో పగులైతే నా అరచెయ్యి దూరేంత ఉంది. క్వారీ వాళ్ళేమో పునాదే నాసిరకం, మాకేం సంబంధం అన్నారు. మేం ఫిర్యాదు చేస్తే కలెక్టరాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు కొలిచి చూపించమన్నాడు. నేల అదురు హద్దు దాటితే క్వారీ ఆపిస్తాడట. దాటకపోతే తప్పు కట్టుబడిదని రాసి, ప్రమాదకరమైన భవనమని బడికి సీలు వేస్తాడట. న్యాయంగానే ఉంది. కొలవడమే మాకు రాలేదు.

ఆ బడిని ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న మనిషి ఇందుమతి టీచరు. భీమిలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. గట్టిగా మాట్లాడదు. ఆమె మెల్లగా చెప్పే మాటకి నూటపది మంది లేచి నిలబడతారు. నేను మైకులో అరిచినా నలభై మంది లేవరు.

కొలిచే మిషను తెచ్చింది సుభశ్రీ. మా వాటర్ ట్యాంకరు డ్రైవరు దాలయ్య కూతురు, రాయగడలో ఒక ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పని చేస్తుంది. సెన్సరంటే పెద్ద యంత్రమనుకున్నాను. పెట్టె తెరిస్తే ఉసిరికాయంత స్టీలు ముక్క. దాని తోకకి ఒక వైరు. ఆ వైరు ఒక డబ్బాలోకి, డబ్బా నుంచి ల్యాప్‌టాప్‌లోకి.

"ఇదేటమ్మీ, కొండని కొలవడానికి ఉసిరికాయ తెచ్చేవు?" అన్నాను.

"దీని కడుపులో సిన్న రాయి ఉంటాది మావా. నేల కదిలితే ఆ రాయి నలుగుతాది. నలిగినప్పుడు రవ్వంత కరెంటు పుడతాది. ఆ రవ్వని బయటికి మోసుకొచ్చీడానికి లోపలొక గుమస్తా ఉంటాడు. ఆడికి మనం కూడెట్టాల. ఈ డబ్బా అందుకే. పవర్ సప్లై."

"కూడెట్టకపోతే?"

"పనాపేస్తాడు. మీ యూనియనోడే."

నవ్వాను. నవ్వాల్సిన మాట కాదది. ముందే చెప్పేసింది ఆ పిల్ల, నాకే ఎక్కలేదు.

మంగళవారం నుంచి గురువారం దాకా సెన్సరు మూడో తరగతి గోడ మొదట్లో కూర్చుంది. డబ్బాని గోడ ప్లగ్గులో పెట్టి, ల్యాప్‌టాప్‌ని ఛార్జరు తగిలించి బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడు రోజులయ్యాక ఆఫీసరు ముందు తెరిచారు. పొద్దున ప్రార్థనకి పిల్లలు నడిచిన గుర్తులున్నాయి. బెంచీలు లాగిన గుర్తులున్నాయి. బయట ట్రాక్టరు వెళ్ళిన గుర్తుంది. ఒంటిగంట దగ్గర మాత్రం ఏమీ లేదు. మూడు రోజులూ తిన్నటి గీత.

"ఒంటిగంటకి మీ బడి అన్నిటికన్నా ప్రశాంతంగా ఉంది," అన్నాడు ఆఫీసరు ఒడియాలో. వెటకారం కూడా కాదు, చూసిందే చెప్పాడు. శనివారం ఒంటిగంటకి తానే వస్తానన్నాడు. కళ్ళారా ఒక్కసారి చూసి, అప్పటికీ ఇంతే అయితే సీలు వేసి వెళ్తానన్నాడు.

నేను ముందు సుభశ్రీనే అనుమానించాను. క్వారీ వాళ్ళు ఆ పిల్లని పట్టేసుకున్నారనుకున్నాను. ఆ సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

శుక్రవారం మైకు సెట్టు ఆటోలో వేసుకుని బడికి వెళ్ళాను. సుభశ్రీ కూడా వచ్చింది, మిషను వెనక్కి తీసుకెళ్ళడానికి. నా లెక్క వేరు. మర్నాడు ఒంటిగంటకి క్వారీ గేటు ముందు మీటింగు. కొలత తప్పిందా, గొంతు ఉంది. ఆ మాటే ఇందుమతి టీచరుకి చెబుతూ ఆఫీసు గదిలో కూర్చున్నాను. మార్చి నెల, ఉక్క. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

ఫ్యాను ఆగింది.

అన్ని గదుల్లోంచీ పిల్లలు లేచి, కంచాలు పట్టుకుని వరండాలో వరస కట్టేశారు.

"బెల్లు కొట్టలేదు కదండీ?" అన్నాను.

"బెల్లెందుకండీ, ఫ్యాను ఆగింది కదా," అంది టీచరు, నా తెలివికి జాలిపడినట్టు. "ఒంటిగంటకి ఆగుతుంది, ఇరవై నిమిషాలకి వస్తుంది. మాకు అన్నం బెల్లు అదే."

"రోజూనా?"

"రోజూ."

ఆమె నోరు మూసేలోపు క్వారీలో పేలింది. కిటికీ రెక్క కొట్టుకుంది. సున్నం పొడి టేబులు మీద రాలింది. పిల్లలు తల కూడా తిప్పలేదు.

సుభశ్రీ గుమ్మంలో నిలబడి ఫ్యాను వంకే చూస్తోంది.

"మేడం, సోమారం మిమ్మల్ని అడిగేను కదండీ, ఇక్కడ కరెంటు పోతాదా అని."

"పోదమ్మా. మా లైను మంచిది." టీచరు ఆ మాట అనేసి ఆగింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. అబద్ధమాడే మనిషి కాదు. కరెంటు పోవడమంటే చీకటి, ఉక్క, తిట్లు. ఇది ఆమెకి కరెంటు పోవడం కాదు. ఇది అన్నం వేళ.

సుభశ్రీ అక్కడే నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. "దీనికి దీని బ్యాటరీ ఉంది మావా. కరెంటు పోయినా ఇది గీత గీస్తానే ఉన్నాది. డబ్బా మాత్రం గోడ కరెంటు మీదే బతుకుతాది. గుమస్తాకి కూడు లేదు. రాసీవోడు ఉన్నాడు, ఇనీవోడు లేడు."

ఒంటిగంట గీతని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఎంత చేసినా తిన్నగానే ఉంది.

"నానే సూసుకోవాల్సింది. బతికున్న నేల ఇంత తిన్నగా ఉండదు. ఇది సూడు, పిల్లలింకా లేవక ముందు."

తెల్లవారుజాము గీత చూపించింది. నా కంటికి అదీ తిన్నగానే ఉంది. పెద్దది చేసేసరికి సన్నగా వణుకుతోంది, నిద్రపోయే మనిషి కడుపులాగ.

"ఎవలూ లేవలేదంటన్నావు. మరి ఈ వణుకేటి?"

"ఏమో మావా. గాలికి సెట్టు ఊగితే ఏరు నేలని లాగుతాది. దూరాన లారీ ఎల్తాది. ఇంతకన్నా మంచి సెన్సరైతే సముద్రం అలలు కొట్టీది కూడా కొండల్లో తెలుస్తాదంట. మా సారు సెప్పేరు."

సముద్రం. టీచరు పుట్టిన ఊళ్ళో కొట్టే అల ఈ కొండ కింద నేలకి తెలుస్తుందా? ఇద్దరం ఆ పిల్ల ముఖంలోకి చూశాం. అది నవ్వలేదు.

రోజూ సరిగ్గా పేల్చే ముందే కరెంటు పోతోందంటే, క్వారీ వాళ్ళు చెప్పి దింపిస్తున్నట్టే. లైన్‌మేన్ గంగయ్య దగ్గరికి నేనే వెళ్ళాను. ఊరి చివర స్తంభం దగ్గరున్నాడు. నాలుగు తిట్లు సిద్ధం చేసుకునే వెళ్ళాను.

"క్వారీ వోడు ఫోన్ సేస్తే స్విచ్ దింపుతావేటి? ఆడి జీతగాడివేటి నువ్వు?"

"తిట్టన్నా, తిట్టు," అన్నాడు గంగయ్య. "తిట్టీసి ఇను. ఆ తీగ క్వారీ పక్క నుంచే ఎల్తాది. రెండేళ్ళ కింద రాయెగిరి తీగ తెగింది. బేబి ఎడ్లు రెండూ నిలబడ్డ సోటే పోనాయి. బేబి మా పెద్దమ్మ కూతురు. అప్పుట్నుంచి పేల్చీ ముందు దింపుతన్నాను. క్వారీ కోసం కాదు."

"రేపొక్క రోజు దింపకు."

"రేపు ఆ తీగ బడి గుంటల మీద పడితే నువ్వొస్తావా మోయడానికి?"

మిగిలిన తిట్లు మింగేసి బడి వైపు తిరిగాను. మీటింగుల్లో నాకు అలా ఎప్పుడూ జరగదు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఒంటిగంటకి గోడ కరెంటు ఉండదు. మరి ఆ గుమస్తాకి కూడు ఎక్కణ్ణుంచి?

టీచరు క్వార్టర్‌లో ఇన్వర్టరు ఉంది. దానికి డబ్బా తగిలించాం. గీత లావెక్కిపోయింది. టేబులు తడితే తట్టినట్టే తెలియలేదు. తేనెపట్టు మీద చెవి పెట్టి పక్కవాడి మాట వినమన్నట్టుంది. "ఇన్వర్టరు రొద డబ్బాలోంచి లోపలికొచ్చేస్తంది," అంది సుభశ్రీ. "మన పగులు కబురు ఈ రొదలో కలిసిపోతాది. డబ్బా వద్దు. రొదలేని కూడు కావాల. బ్యాటరీ."

బ్యాటరీ నా ఆటోలో ఉంది. మైకు బ్యాటరీ.

క్వారీ గేటు దగ్గర అప్పటికే మా వాళ్ళు నలభై మంది చేరుతున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆ మైకు లేకుండా నేను నోరు తెరిచింది లేదు. అయినా తీసుకొచ్చి నేల మీద పెట్టాను. పెట్టడమే కాదు, సాయం చేద్దామని వైరు పట్టుకుని సెన్సరు తోక నేరుగా బ్యాటరీ మీద పెట్టబోయాను.

సుభశ్రీ నా చేతి మీద ఫట్టుమని కొట్టింది. కాలేజీ పిల్ల నన్ను కొట్టడం అదే మొదటిసారి.

"సంపేస్తావేటి దాన్ని? నేరుగా ఎడితే బ్యాటరీ ఉన్నదంతా తోసేస్తాది. లోపలోడు మాడిపోతాడు. ఉన్నది ఒక్కటే సెన్సరు మావా."

సంచిలోంచి బియ్యపు గింజంత గాజు ముక్క తీసింది. రెండు వైపులా తీగలు. బ్యాటరీలో ఎంత కరెంటున్నా ఇది ఒకే కొలత వదులుతుందట. నాలుగు మిల్లీ ఆంపియర్లు. అంతకు మించి ఎవరు తోసినా వెళ్ళనివ్వదు, తగ్గనివ్వదు.

"నాలుగంటే ఎంత?"

"నీ మైకు తాగీదాంట్లో ఎయ్యో వంతు."

నా అరుపుకి పోసేదాంట్లో వెయ్యో వంతుతో ఇది కొండని వింటుందా? నేను ఆ గాజు గింజని వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

దాన్ని మధ్యలో కలిపి బ్యాటరీ తగిలించింది. గీత సన్నబడింది. వెంట్రుకలా అయింది. నేను కాలు మార్చుకుంటే కదిలింది. కానీ సుభశ్రీకి ఇంకా చాల్లేదు. సెన్సరు పక్కన నేలని గుద్దింది. గీత ఎగిరింది. ఇంకా గట్టిగా గుద్దింది. గీత అంతే ఎగిరింది, పైన కత్తిరించినట్టు ఆగిపోయింది.

"నీ బ్యాటరీ పన్నెండు వోల్టులే. లోపలోడు నిలబడీదే పదకొండు, పన్నెండు ఎత్తులో. సూరు తలకి తగిలేస్తంది. సిన్న అదురైతే సరిపోద్ది. పెద్దదొస్తే ఆడు పైకెగరలేడు, తక్కువ సూపిస్తాడు. అలాంటి గీత మనకెందుకు? ఇరవై నాలుగు కావాల. ఇలాంటిదే ఇంకోటి."

చర్చిలో మైకు బ్యాటరీ ఉంది, క్రిస్మస్ నాడే చచ్చిపోయింది. టీచరు నలుగురికి ఫోన్ చేసింది. పదకొండు దాటింది. హాస్టలు పిల్లలు కొండ నుంచి తెచ్చిన తేనె మైనం ముద్ద ఇచ్చారు, సెన్సరుని నేలకి అంటించడానికి. కాలేజీలో కూడా మైనమే వాడతారట. మైనం సిద్ధం. బ్యాటరీ లేదు.

పదకొండున్నరకి గంగయ్య వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన మూట. విప్పితే మోటారు సైకిలు బ్యాటరీ.

"కిక్కు కొడితే బండి నడుస్తాది," అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా. "ఒంటిగంటకి స్విచ్ దింపుతాను. అది మాత్రం మారదు. సాయంత్రం నా బ్యాటరీ నాకిచ్చీండి."

"నాలుగు మిల్లీకి సిన్నదైనా పెద్దదైనా ఒకటే," అంది సుభశ్రీ. రెండిటినీ ఒకదాని వెనక ఒకటి కలిపింది. నేలని గుద్దింది. గీత ఎగిరింది. గట్టిగా గుద్దింది. గీత ఇంకా ఎత్తుకి ఎగిరింది. "హఁ," అంది తనలో తనే.

గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "మైకు లేకుండా మీటింగేటన్నా?"

"మీటింగు లేదు. కూకోండి. సప్పుడు సెయ్యకండి. అడుగు కూడా తీయకండి."

"తాగేవేటన్నా?"

ఫోన్ పెట్టేశాను.

ఒంటిగంటకి పది నిమిషాల ముందు ఆఫీసరు వచ్చాడు. సీలు వేసే లక్క, తాళం ఉన్న సంచి టేబులు మీద పెట్టుకున్నాడు. పిల్లల్ని బయట మైదానంలో కూర్చోబెట్టాం. మేం నలుగురం మూడో తరగతి గదిలో, పగులు ఎదురుగా. తెర మీద గీత సన్నగా, వణుకుతూ.

మైదానంలో ఎవడో పిల్లాడు నీళ్ళకి పరిగెత్తాడు. మాకు కనపడలేదు, వినపడలేదు. గీత మీద చిన్న పూసలు వరసగా పేర్చినట్టు వచ్చాయి. వెళ్ళేటప్పుడు చిన్నవవుతూ, వచ్చేటప్పుడు పెద్దవవుతూ. ఆఫీసరు ముందుకి వంగాడు. టీచరు కిటికీలోంచి చూసి, "ఐదో తరగతి పింటు," అంది.

ఫ్యాను ఆగింది.

గీత ఆగలేదు. ఆగకపోవడమే కాదు, ఒక్కసారిగా గడ్డి మొలిచినట్టు వందల పోగులు లేచాయి. అప్పుడే పేలిందా? చప్పుడేదీ?

"అది పిల్లలండీ," అంది టీచరు. "ఫ్యాను ఆగిందిగా. కంచాల కోసం లేచారు."

మైదానంలో ఫ్యాను లేదు. బడిలో ఫ్యాన్లు ఆగితే నూటపది మందికీ బయటి నుంచే తెలిసిపోయింది. టీచరు గుమ్మంలోకి వెళ్ళి చెయ్యి పైకెత్తింది. పోగులు తగ్గాయి. వాలాయి. నూటపది మంది కూర్చోవడం గీత మీద చూశాను నేను. ఆ తర్వాత నేల మళ్ళీ నిద్రపోయినట్టయింది.

చాలాసేపనిపించింది. మూడు నిమిషాలేనట.

అప్పుడు గీత లేచింది.

చప్పుడు లేదు. తెర మీద గీత పడగెత్తినట్టు లేచింది, తెర పైఅంచు దాకా, కింది అంచు దాకా, నల్లగా. అరికాళ్ళలో ఏదో పాకింది. పగులులోంచి ఇసుక జారింది. గుండె రెండుసార్లు కొట్టుకుంది. అప్పుడొచ్చింది కిటికీలోంచి చప్పుడు. ధన్‌మని. రోజూ వినే చప్పుడే.

రెండేళ్ళుగా అందరం ఆ చప్పుడునే తిట్టుకున్నాం. చప్పుడు వచ్చేసరికే పని అయిపోయి ఉంటుందని మాకెవరికీ తెలియదు. కొండ ముందే నేలకి చెప్పేస్తోంది. నేల గోడకి చెప్పేస్తోంది. గాలి ఆ వెనకెప్పుడో వచ్చి మన చెవిలో అరుస్తోంది. మేం గాలి మాటే విన్నాం.

ఆఫీసరు చెయ్యి టేబులు మీద నుంచి ఎప్పుడు తీశాడో, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆఉ థరే దేఖాఅ," అన్నాడు మెల్లగా. మరోసారి చూపించమని.

సుభశ్రీ చూపించింది. మూడుసార్లు చూశాడు. హద్దు ఎక్కడని అడిగాడు. ఆ పిల్ల తెర మీద ఎర్ర గీత పెట్టింది. నల్లది దానికి రెండింతల పైన ఉంది. ఆఫీసరు తన ఫైల్లోంచి గురువారం నాటి తిన్నటి గీత కాగితం తీసి, దాని మీద పెన్నుతో అడ్డంగా కొట్టేసి, 'సెన్సరుకి కరెంటు లేదు' అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. కింద ఇంకో కాగితం మీద క్వారీలో పేల్చడం ఆపమని రాశాడు. లక్క ముద్ద సంచిలోంచి బయటికి రాలేదు.

నేను మాట్లాడాలి కదా, నా పని అదే. చెయ్యి మైకు కోసం వెతికింది. నా బ్యాటరీ గోడ మొదట్లో గంగయ్య బ్యాటరీ పక్కన కూర్చుని, ఇంకా వింటూనే ఉంది.

ఆఫీసరు జీపు వెళ్ళేటప్పుడు గీత మీద వెళ్ళింది. కరెంటు వచ్చింది, ఫ్యాను తిరిగింది. పిల్లలు అన్నాలకి కూర్చున్నారు. సుభశ్రీ వైర్లు విప్పబోయింది.

"ఒక్క నిమిషం ఆగమ్మా," అంది ఇందుమతి టీచరు.

చెప్పులు గుమ్మం పక్కన విడిచింది. బీటలు వారిన ఆ గది నేల మీద బోర్డు నుంచి వెనక బెంచీ దాకా నడిచింది, పాఠం చెప్పేటప్పుడు నడిచినట్టే. వెనక్కి వచ్చింది. తెర మీద ఆమె అడుగులు ఒక్కొక్కటీ పడ్డాయి. ఎడమ కాలు కొంచెం బరువు. మోకాలి నొప్పి ఉందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెర ముందు వంగి చాలాసేపు చూసింది.

"ఇవి నావేనా?"

"మీవే మేడం," అంది సుభశ్రీ.

టీచరు మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఈసారి మెల్లగా నడిచింది.